ఇన్‌లెట్ వాల్వుల మీద మసి: 95 పెట్రోలు కొట్టించాలా, సీసా పోయాలా?

లాసన్స్‌బే_కారు
మసి పోతుందని సర్వీసు సెంటర్లో నాలుగు నెలల్లో నాలుగు సీసాల క్లీనర్ మందు పెట్రోలు ట్యాంకులో పోశారు. సీసాకి 850 రూపాయలు. బండి ఎలా ఉన్నది అలాగే ఉంది. కోపం కంటే బెంగ ఎక్కువైంది, అందుకే అడుగుతున్నాను.

2020 మోడల్, బీఎస్6, ఒక లీటరు, మూడు సిలిండర్ల టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్. 64,200 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే మొదటి నిమిషం చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. స్టీరింగ్ మీద చెయ్యి వేస్తే ఆ వణుకు మోచేతి దాకా తెలుస్తుంది. తర్వాత తనే సర్దుకుంటుంది. పోయిన వారం చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. సర్వీసు సెంటర్లో స్కానర్ పెట్టి పీ0302, అంటే రెండో సిలిండర్ మిస్‌ఫైరింగ్ అన్నారు. కోడ్ చెరిపేసి ఇంకో సీసా పోసి పంపేశారు. "ఇకనించి 100 ఆక్టేన్ రకం పెట్రోలు కొట్టించండి సార్, కార్బన్ అంతా కాలిపోతుంది" అన్నాడు అక్కడి అడ్వైజరు.

నా తిరుగుడు అంతా విశాఖలోనే, లాసన్స్ బే కాలనీ నుంచి సిరిపురం, మళ్ళీ ఇంటికి. నెలకోసారి అనకాపల్లి. 95 కొట్టించాలా, 100 కొట్టించాలా? ఏ సీసా మంచిది?

బీచ్‌రోడ్_బుల్లోడు
95 కొట్టించు గురూ, ఆలోచించకు. మూడేళ్ళుగా నా బండిలో సాదా పెట్రోలు చుక్క పడలేదు. ఇంజిన్ చప్పుడే వినపడదు, మైలేజీ కూడా లీటరుకి ఒకటిన్నర పెరిగింది.

ఉక్కునగరం92
సీసాలు దండగ. మంచి బంకు చూసుకుని అక్కడే కొట్టిస్తే చాలు. అసలు రిఫైనరీ మన ఊళ్ళోనే ఉంది, మనకి వచ్చినంత తాజా పెట్రోలు ఎవరికొస్తుంది?

కాల్టెక్స్_మాస్టారు
రిఫైనరీ మాట వచ్చింది కాబట్టి నేను చెప్పాలి. ముప్పై ఏళ్ళకు పైగా పెట్రోలు పరీక్షించే ల్యాబులోనే గడిపి రిటైరయ్యాను. 1957లో మల్కాపురం దగ్గర కాల్టెక్స్‌గా మొదలై, తర్వాత హెచ్‌పీసీఎల్‌లో కలిసిన చోటు అది. మా తరం ఇప్పటికీ కాల్టెక్స్ అనే అంటుంది.

ముందు ఆక్టేన్ సంగతి. దాన్ని కొలవడానికి ల్యాబులో ఒకే సిలిండర్ ఉన్న ఇంజిన్ ఉంటుంది. నడుస్తుండగానే కంప్రెషన్ పెంచుకుంటూ పోవచ్చు. ఆర్‌ఓఎన్, అంటే రీసెర్చ్ ఆక్టేన్ నంబరు పరీక్షకి 600 ఆర్‌పీఎం మీద నిలకడగా తిప్పుతాం. ఒక దశలో నాకింగ్, అంటే పెట్రోలు తనంతట తాను అంటుకుని ఇంజిన్ టకటకలాడడం, మొదలవుతుంది. ఐసో ఆక్టేన్ 100, నార్మల్ హెప్టేన్ 0 అని లెక్క పెట్టుకుని, ఆ రెంటినీ కలిపిన ఏ మిశ్రమం మన పెట్రోలు లాగే నాక్ చేస్తుందో చూస్తాం. దానిలో ఐసో ఆక్టేన్ నూటికి 91 పాళ్ళుంటే మీ పెట్రోలు 91. అంతే. ఆ అంకె చెప్పేది ఒకటే, స్పార్కు మంట తన దాకా రాకముందే తనంతట తాను అంటుకోకుండా పెట్రోలు ఎంత ఒత్తిడి ఓర్చుకుంటుందని. శుభ్రం చేసే గుణానికీ ఆ అంకెకీ సంబంధం లేదు. 100 రకం కొట్టిస్తే మసి కాలిపోతుందని చెప్పినవారు తప్పు చెప్పారు. ఇండియన్ ఆయిల్ వారి 100 రకం, ఎక్స్‌పీ100, 2020 డిసెంబరులో దిల్లీలో మొదలైనప్పుడే లీటరు 160 రూపాయలు. అంత పెట్టి కొనాల్సిన పని మీ బండికి లేదు. ట్యాంకు మూత లోపల ఏ ఆక్టేన్ రాసి ఉందో చూడండి.

శుభ్రం చేసేది డిటర్జెంటు మందు. ప్రీమియం రకాల్లో అది ఎక్కువ పడుతుంది, డిపోలో లారీకి నింపేటప్పుడు కలుపుతారు. ఇథనాల్ కలిపేది కూడా అక్కడే. ఉక్కునగరం బాబూ, ఒకే ఊళ్ళో వేర్వేరు కంపెనీల బంకులకి చాలాసార్లు మూల పెట్రోలు ఒకే రిఫైనరీ నుంచి వెళ్తుంది. తేడా అంతా మందులో, బంకు ట్యాంకు శుభ్రతలో.

లాసన్స్‌బే_కారు
మాస్టారూ, మూత లోపల 91 అనే ఉంది. మరి డిటర్జెంటు ఉన్న ప్రీమియం కొట్టిస్తే మసి పోతుందా?

కాల్టెక్స్_మాస్టారు
మీ ఇంజిన్లో ఇన్‌లెట్ వాల్వుల మీద, అంటే సిలిండర్లోకి గాలిని వదిలే తలుపుల మీద, మసి పోదు. పెట్రోలు ఆ దారినే వెళ్ళదు.

పాత పద్ధతిలో ఇంజెక్టరు ఇన్‌లెట్ పోర్టులో, వాల్వు వెనక ఉండేది. 3, 4 బార్ ఒత్తిడితో చిమ్మిన ప్రతి చుక్కా వాల్వు వీపు తడుపుకుంటూ లోపలికి పోయేది. పెట్రోలే కడిగేది, అందులోని మందు ఇంకా బాగా కడిగేది. డైరెక్ట్ ఇంజెక్షన్లో ఇంజెక్టరు సిలిండర్ లోపలే ఉంటుంది. ఒత్తిడి 200 బార్ పైన, కొత్తవాటిలో 350 దాకా. మీ టైర్లో గాలి 2 బార్ పైచిలుకు, పోల్చుకోండి. ఇన్‌లెట్ వాల్వు పక్కనుంచి ఇప్పుడు పోయేది ఉత్త గాలి. ఆ గాలితో పాటు ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే క్రాంక్‌కేసు నుంచి వెనక్కి తిప్పి పంపే ఆవిరి, అందులో ఇంజిన్ ఆయిల్ తుంపర. అది వేడి వాల్వు మీద పడి మాడుతుంది. కడిగేవారు లేరు, పొర మీద పొర పేరుకుంటుంది.

సీసాలో పాలీఈథర్ అమీన్ అనే మందు ఉంటే మంచిదే. ఇంజెక్టరు మూతికీ, పిస్టన్ తలకీ నిజంగా పనిచేస్తుంది. వాల్వు వీపుకి మాత్రం అందదు. ట్యాంకులో ఏది పోసినా ఇంతే.

మధురవాడ_ఐటీ
ఇది ఇన్నాళ్ళూ ఎవరూ ఇంత విడమరచి చెప్పలేదు. ఒక సందేహం. మా అన్నయ్య డాలస్‌లో 93 కొట్టిస్తాడు, అక్కడ మామూలుది 87. అంటే మన 91 వాళ్ళ ప్రీమియంతో సమానమా?

కాల్టెక్స్_మాస్టారు
కాదు నాయనా. వాళ్ళు ఆర్‌ఓఎన్, ఇంకా కఠినమైన పరీక్షలో వచ్చే ఎంఓఎన్ రెండూ కలిపి సగం చేసి బోర్డు మీద రాస్తారు. మనం ఆర్‌ఓఎన్ ఒక్కటే రాస్తాం. వాళ్ళ 87 దాదాపు మన 91. మీ అన్నయ్య కొట్టించే 93 ఇక్కడి లెక్కలో 97, 98 దగ్గర.

బీచ్‌రోడ్_బుల్లోడు
మాస్టారూ, మీ చదువుకి దండం. కానీ నా బండి నాకు తెలుసు. 95 మొదలెట్టిన నెలలోనే ఐడిల్, అంటే ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ నడక, మెత్తబడింది. కల్పన కాదు.

అరకు_ఘాట్
@బీచ్‌రోడ్_బుల్లోడు నీది ఏ ఇంజిన్?

బీచ్‌రోడ్_బుల్లోడు
1.2 పెట్రోలు. టర్బో లేదు. 2017.

అరకు_ఘాట్
అదీ సంగతి. నీది పోర్ట్ ఇంజెక్షన్. నీ వాల్వుల్ని పెట్రోలే కడుగుతోంది, డిటర్జెంటు ఎక్కువైతే ఇంకా బాగా కడుగుతుంది. నీ మాట నిజమే, నీ బండికి. లాసన్స్‌బే గారి బండికి కాదు.

నాది డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోనే. 2022 మే నెలలో ఐదుగురం, డిక్కీ నిండా సామాను, ఏసీ వేసుకుని ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నాం. మూడో గేరులో, 1,800 ఆర్‌పీఎం మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే బానెట్ కింద గాజు సీసాలో గోళీలు వేసి కుదిపినట్టు చప్పుడు. రెండో గేరుకి దించాక ఆగింది. తిరిగొచ్చాక 95 కొట్టించి, అదే జనం, అదే ఎండ, మళ్ళీ వెళ్ళాను. ఆ చప్పుడు రాలేదు. అందుకని 95 వృథా అనను. ఘాటుకి వెళ్ళేటప్పుడు ఇప్పటికీ కొట్టిస్తాను.

కాల్టెక్స్_మాస్టారు
అది ఆక్టేన్ చేయాల్సిన పనే, చేసింది. నాకింగ్ వినగానే సెన్సరు చెప్తుంది, కంప్యూటరు స్పార్కుని వెనక్కి జరుపుతుంది, పికప్ తగ్గుతుంది. ఆక్టేన్ ఎక్కువుంటే వెనక్కి జరపాల్సిన అవసరం పడదు. సిరిపురం సిగ్నల్ దగ్గర ఆగి ఆగి నడిచే బండికి ఆ అవసరం ఎప్పుడోగాని రాదు.

ఒకటి గమనించండి. మీరు చెప్పింది 2022 నాటి మాట. ఇప్పుడు బంకులో వచ్చేది ఈ20, అంటే నూటికి 20 పాళ్ళు ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ ఆక్టేన్ 108 పైన. అందుకే ఈ20 సాదా పెట్రోలే 95 ఆర్‌ఓఎన్ ప్రమాణానికి వస్తోంది. పైగా ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు సిలిండర్లో వేడిని లాగేస్తుంది. ఈసారి సాదాతోనే ఘాట్ ఎక్కి చూడండి.

ఉక్కునగరం92
ఈ20 మాట ఎత్తారు కాబట్టి, మైలేజీ పడిపోయింది కదా! నాకు 17 వచ్చేది 16 వస్తోంది. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

కాల్టెక్స్_మాస్టారు
పడుతుంది. లీటరు ఇథనాల్లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. ఈ20 కోసం తయారు కాని కార్లలో 6, 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. మీ లెక్క దానికి సరిపోయింది. కానీ వాల్వు మసికీ దీనికీ ముడిపెట్టకండి.

సింధియా_డీజిల్
పెట్రోలు వాళ్ళు ఇప్పుడు పడుతున్న బాధ మేం ఎప్పుడో పడ్డాం. నా డీజిల్ బండి ఇన్‌టేక్ మానిఫోల్డ్ లక్ష కిలోమీటర్లకి తీస్తే బొటనవేలు దూరే కన్నం చిటికెనవేలంత అయింది. ఇంజిన్లోకి వెనక్కి తిప్పి పంపే ఈజీఆర్ పొగ, ఆయిల్ ఆవిరి కలిసి తారులా పట్టాయి.

ఆటోనగర్_స్పానర్
ఇప్పుడే షెడ్డు కట్టేసి వచ్చీసేను, మొత్తం చదివేను. లాసన్స్‌బే అన్నా, మసి అనీసి ముందే తీర్మానం చేసుకోకండి. పీ0302 అంటే రెండో సిలిండర్ సరిగ్గా మండట్లేదని మాత్రమే. ఎందుకో అది చెప్పదు.

ముందు పైసా ఖర్చు లేని పని చెయ్యండి. రెండో సిలిండర్ కాయిల్, అదే ప్లగ్గుకి కరెంటు ఇచ్చేది, తీసీసి ఒకటో దాని మీద పెట్టండి, ఒకటోది రెండో దాని మీద. రెండు రోజులు తిప్పండి. కోడ్ పీ0301 అయితే కాయిలే దొంగ. 0302గానే ఉంటే ప్లగ్గులు మార్చండి, 64 వేలకి ఎలాగూ మార్చాల్సిందే. అప్పుడూ పోకపోతే కంప్రెషన్ చూసీసి, బోర్‌స్కోపు, అదే సన్నటి గొట్టం కెమెరా, పెట్టి వాల్వులు చూడాల. చూడకుండా ఎవరేటి చెప్పినా అది ఊహే. నాలుగు సీసాలు పోసినోళ్ళు ఒక్కసారి కాయిల్ మార్చి చూడలేదంటే నాకు కడుపు మండుతోంది అన్నా.

ఇంకో మాట. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన గట్టిగా వచ్చినా, ఆయిల్ మట్టం పెరిగినా నాకు చెప్పండి.

లాసన్స్‌బే_కారు
ఇప్పుడే కిందికి వెళ్ళి చూశాను. వాసన వస్తోంది, స్పష్టంగా. మట్టం గరిష్ఠ గీత కంటే కొంచెం పైన ఉంది. ఆయిల్ మార్చి ఎనిమిది నెలలైంది. ఇదేమైనా ప్రమాదమా?

ఆటోనగర్_స్పానర్
వెంటనే పేలిపోయేదేం కాదు, కానీ వదిలీకూడదు. మీది మూడు కిలోమీటర్ల తిరుగుడు. ఇంజిన్ వేడెక్కేలోపే ఆఫీసు వచ్చీస్తాది. చల్లటి ఇంజిన్‌కి పెట్రోలు ఎక్కువ చిమ్ముతాది, మండకుండా మిగిలింది సిలిండర్ గోడ మీంచి జారి ఆయిల్లో కలుస్తాది. వేడెక్కితే ఆవిరైపోవాల, మీకు ఆ వేడి రావట్లేదు. పలచబడ్డ ఆయిల్ తుంపర ఎక్కువ లేస్తాది, అదంతా వాల్వుల మీదకే. పైగా మన ఊరి తేమ! క్రాంక్‌కేసులో నీళ్ళు కూడా చేరతాయి. ఆయిల్ ఫిల్లర్ మూత కింద మీగడలాంటిది ఉందేమో చూడండి.

సంవత్సరం ఆగకండి, ఆర్నెల్లకి మార్చీండి.

మధురవాడ_ఐటీ
ఏ ఆయిల్?

ఆటోనగర్_స్పానర్
బుక్‌లో రాసిన గ్రేడే. కంపెనీ ఏదైనా పర్లేదు, డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అనే నాణ్యత గుర్తు ఉండాల. టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్లో తక్కువ ఆర్‌పీఎం మీద గట్టిగా తొక్కితే స్పార్కు కంటే ముందే మిశ్రమం అంటుకునే రోగం ఒకటుంది, పిస్టన్ పగిలిపోద్ది. ఎస్‌పీ దాన్ని చూసుకునే వచ్చింది, 2020లో.

కాల్టెక్స్_మాస్టారు
స్పానర్ బాబు చెప్పింది అక్షరాలా నిజం. పాత నూనెల్లో కాల్షియం డిటర్జెంటు ఎక్కువ. అది ఆ ముందస్తు మంటకి దోహదం చేస్తుందని తేలాక, కొంత తగ్గించి మెగ్నీషియం వైపు వెళ్ళారు. నూనె కొనేటప్పుడు నోయాక్ అంకె కూడా అడగండి. 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే ఎంత శాతం ఆవిరవుతుందో అది చెప్తుంది. 15 దాటకూడదు, ఎంత తక్కువైతే వాల్వులకి అంత మంచిది.

అరకు మిత్రమా, ఘాట్‌లో మూడో గేరులో 1,800 మీద పూర్తిగా తొక్కానన్నారు. ఈ రోగం పుట్టేది సరిగ్గా అక్కడే. గేరు దించారు, అదృష్టం.

అరకు_ఘాట్
ఇది చదివాక వెన్ను జలదరించింది. ఇకమీద ముందే దించుతాను.

బీచ్‌రోడ్_బుల్లోడు
ఆయిల్ ఆవిరే కారణమైతే మధ్యలో క్యాచ్ క్యాన్ పెట్టుకోవచ్చుగా? ఆ ఆవిరిని పట్టుకునే డబ్బా.

ఆటోనగర్_స్పానర్
పెట్టొచ్చు, కొంత ఆపుతాది, పూర్తిగా కాదు. వారంటీ ఉన్న బండికి నేను పెట్టను. పెట్టినోళ్ళు దాన్ని ఖాళీ చేయడం మర్చిపోతారు, మన తేమకి తొందరగా నిండిపోద్ది.

గాలి దారిలో కొట్టే స్ప్రేలు కూడా అడుగుతారు. పేరుకున్నది గట్టిపడ్డాక స్ప్రే కొడితే పెచ్చులుగా లేస్తాది. ఆ పెచ్చు సిలిండర్లో పడి, అక్కడినుంచి టర్బో రెక్కల మీదకి పోతే? నేను కొట్టను.

*(పదకొండు రోజుల తర్వాత)*

లాసన్స్‌బే_కారు
కాయిల్స్ మార్చి పెట్టాను, కోడ్ కదల్లేదు. ప్లగ్గులు కొత్తవి, వణుకు కొంచెం తగ్గింది కానీ పోలేదు. నిన్న స్పానర్ గారి షెడ్డుకి వెళ్ళాను. కంప్రెషన్ మూడింటికీ బాగుంది. మానిఫోల్డ్ విప్పి బోర్‌స్కోపు పెట్టారు.

ఫోన్ తెరమీద చూస్తే గుండె జారింది. వాల్వు కాడ నున్నగా ఉంటుందనుకున్నాను. ఏళ్ళ తరబడి తోమని అట్లపెనం అంచులా ఉంది. నల్లగా, గరుకుగా, బుడిపెలు బుడిపెలుగా. ఒకటో, మూడో సిలిండర్లలో పొర సమంగా ఉంది. రెండోదాంట్లో ఒక వాల్వుకి ఒకే పక్క దిబ్బలా పెరిగింది. వేలితో గీకితే పైపొర జిడ్డుగా వచ్చింది, కింద రాయిలా ఉంది.

రేపు అక్రోటు పెంకుల పొడితో కొడతారట.

జీడితోట_పలాస
అక్రోటు కాశ్మీరు నుంచి తెప్పించడం ఎందుకు, మా పలాసలో జీడి పెంకులు గుట్టలుగా ఉన్నాయి. బస్తా పంపమంటారా? కారు వాసన కూడా కమ్మగా ఉంటుంది.

ఆటోనగర్_స్పానర్
జీడి పెంకులో నూనె ఉంటాది కదా, చేతికి తగిల్తే చర్మం ఊడొస్తాది! వద్దు బాబూ. పప్పు పంపు, పని అయ్యాక షెడ్డులో అందరం తింటాం.

అక్రోటు పెంకు ఎందుకంటే, మసిని కొట్టేంత గట్టిది, వాల్వుని గీసేంత గట్టిది కాదు. కంప్రెసర్ గాలితో కొడతాం, పక్కనే వాక్యూమ్ గొట్టం లాగేస్తాది. అసలు కీలకం కొట్టడం కాదు. క్రాంకు తిప్పి, ఆ సిలిండర్ ఇన్‌లెట్ వాల్వులు రెండూ పూర్తిగా మూసుకున్నాయా లేదా అన్నది. వెంట్రుకవాసి తెరిచి ఉన్నా పొడి లోపలికి పోద్ది. నేను ప్రతి సిలిండర్‌కీ రెండుసార్లు చూస్తాను. ఎవరి దగ్గర చేయించినా ఈ ప్రశ్న అడగండి, జవాబు తడబడితే బండి తీసుకుని వచ్చీండి.

సింధియా_డీజిల్
ఎంత తీసుకుంటారు? ఎంతసేపు?

లాసన్స్‌బే_కారు
పొద్దున తొమ్మిదికి ఇచ్చాను, సాయంత్రం నాలుగుకి తెచ్చుకున్నాను. మానిఫోల్డ్ గ్యాస్కెట్, కొత్త ఆయిల్, ఫిల్టరుతో కలిపి 9,200 అయింది. ఇది కాక 3,400 అప్పటికే సీసాలకి పోశాను కదా, అది తలుచుకుంటేనే బాధ.

పని జరుగుతున్నంతసేపూ పక్కనే నిలబడ్డాను. వాక్యూమ్ డబ్బా తెరిచి చూపించారు, పెంకు పొడిలో కలిసి రెండు దోసిళ్ళ నల్లటి బూడిద. తర్వాత మళ్ళీ బోర్‌స్కోపు పెడితే వాల్వు కాడ బూడిదరంగు లోహంగా కనిపించింది. దాని మీద తయారీలో పడిన సన్నటి గీతలు కూడా లెక్కపెట్టొచ్చు.

ఈరోజు పొద్దున్న ఆరింటికి స్టార్ట్ చేశాను. డ్యాష్‌బోర్డు మీద గ్లాసులో నీళ్ళు పెట్టాను. నీళ్ళు కదల్లేదు.

అరకు_ఘాట్
ఆ చివరి మాట చదివి ఎంత హాయిగా ఉందో.

కాల్టెక్స్_మాస్టారు
సంతోషం. ఇక ఆదివారాలు భీమిలి దాకా వెళ్ళి రండి. దారిలో ఆగకుండా, ఒక గేరు తక్కువలో, 3,000 ఆర్‌పీఎం దగ్గర ఇరవై నిమిషాలు. వాల్వుల మసి దానివల్ల పోదు, కానీ ఆయిల్లో చేరిన పెట్రోలు, నీళ్ళు ఆవిరైపోతాయి. కొత్త మసి నెమ్మదిగా పడుతుంది. కొన్ని కంపెనీలు పోర్టులో ఒక ఇంజెక్టరు, సిలిండర్లో ఒకటి రెండూ పెడుతున్నాయి, టొయోటా చాలా ఏళ్ళుగా అలాగే చేస్తోంది. మన ఊళ్ళో అమ్మే చిన్న టర్బోలన్నిటికీ అది వచ్చేదాకా ఈ జాగ్రత్త తప్పదు.

బీచ్‌రోడ్_బుల్లోడు
మాస్టారూ, నేనూ ఒకటి చెప్పాలి. మీ మాట విన్నాక నాలుగు ట్యాంకులు ఫుల్ టు ఫుల్ లెక్క రాశాను. రెండు 95, రెండు సాదా. లీటరుకి ఒకటిన్నర అన్నాను కదా, తేడా పావు కిలోమీటరు కూడా రాలేదు. ఐడిల్ మెత్తదనం మాత్రం ఉంది, ఆ మాట నేను వదులుకోను!

కాల్టెక్స్_మాస్టారు
వదులుకోనక్కర్లేదు. మీ ఇంజిన్‌కి అది జరగొచ్చు. లెక్క రాశారు, అది చాలు నాకు.

ఆటోనగర్_స్పానర్
లాసన్స్‌బే అన్నా, బానెట్ లోపల ఒక కాయితం అంటించండి. ఏ తేదీ, ఎన్ని కిలోమీటర్లకి వాల్వులు కొట్టేరో, ఏ గ్రేడ్ ఆయిల్ పోసేరో. ముప్పై వేలు తిరిగాక ఓసారి బోర్‌స్కోపు పెట్టి చూద్దాం, డబ్బులొద్దు.

లాసన్స్‌బే_కారు
అంటించాను. 64,870.